మిగతా మాటలు దేనికి ఊతం?

మామిడి సొన వాసన తగిలిందంటే నాకు కుర్చీలో కుదురుండదు. ఈ ఉదయం నూజివీడు కోర్టు ఎదురుగా నేను ప్రాక్టీసు చేసుకునే గదిలోకి చాట్రాయి నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. చేతిలో సంచి, సంచిలో అప్పుడే కోసిన చిన్న రసాలు. తొడిమల దగ్గర్నుంచి సొన కారి సంచి అడుగంతా జిగురు. గదంతా ఆ ఘాటు నిండిపోయింది. ఆయన కూర్చోవడంతోనే గట్టు తగాదా ఎత్తుకున్నాడు. ముందు వాళ్ల తాతగారి మంచితనం, తర్వాత గట్టు మీది వేపచెట్టు, ఆ తర్వాత పక్క పొలం వాళ్ల కోడలి నోరు, మధ్యమధ్యలో తన మోకాళ్లు. నేను బల్ల కింద కాలు ఊపుతున్నాను, పెన్ను మూత తీస్తున్నాను, పెడుతున్నాను. బయట వరండాలో ఇంకా మనుషులు ఎదురుచూస్తున్నారు. 'ఇంతకీ మీకేం కావాలండీ' అన్న మాట నాలుక చివరికి వచ్చి ఆగిపోయింది. ఆ మాట అలా ఆగిన ప్రతిసారీ నాకు భ్రమరాంబ మేడం గుర్తొస్తారు. ఆవిడ పోయి ఏడాది దాటింది. ఆవిడెవరో ఈ ఊళ్లోనే చాలామందికి తెలియదు, ఇక మీకెలా తెలుస్తుంది? అందుకే రాస్తున్నాను. రాస్తేనైనా నాకు కాస్త నిలకడ వస్తుందేమో చూద్దామని కూడా.

బస్టాండు వెనక సందులో, మామిడికాయలు గడ్డి పరిచి పెట్టెలకెత్తే షెడ్డు ఒకటి ఉండేది. దాని మీద ఒక మేడగది. ఎండాకాలమంతా కింద నుంచి సొన వాసన, గడ్డి వాసన, పెట్టెలకి మేకులు కొట్టే చప్పుడు మెట్లెక్కి పైకి వచ్చేవి. ఆ గదిలో మేడం పోటీ పరీక్షలకి రీజనింగ్ చెప్పేవారు. బ్యాంకు పరీక్షల వాళ్లు, నాలాగా లా ఎంట్రన్స్ రాసేవాళ్లు, ఊరికే ఇంట్లో కూర్చోలేక వచ్చేవాళ్లు, అందరం ఒకే చాప మీద. ఆవిడ విస్సన్నపేట నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. నలభై దాటిన మనిషి, సన్నగా, పొడుగ్గా, నేత చీర కొంగు బొడ్లో దోపుకుని ఉండేవారు. పాఠం చెబుతూ ఆవిడ కూర్చోగా నేను చూడలేదు. తలుపు నుంచి కిటికీకి, కిటికీ నుంచి బోర్డుకి, బోర్డు నుంచి మళ్లీ తలుపుకి. టీ కూడా నడుస్తూనే తాగేవారు, సగం చేతి మీదే ఒలకబోసుకునేవారు. మేం చాటుగా 'కాలు కాలిన పిల్లి' అని నవ్వుకునేవాళ్లం. మా ఇంట్లో నన్ను కూడా అదే మాట అనేవారు కాబట్టి ఆవిడంటే నాకు మొదటి రోజు నుంచే ఒక రకమైన చుట్టరికం.

మాది ముసునూరు వైపు. మా నాన్న సాంబయ్య మామిడి తోటలకి కాపలా కాసేవాడు. చెట్ల మీద కాపు కొనుక్కున్న బేరగాళ్లు ఆయన్ని పెట్టుకునేవారు. పిందె పడ్డప్పటి నుంచి కోతలయ్యే దాకా మా కాపురం తోటలోని తాటాకు పాకలోనే. అమ్మ కాయలేరేది, నేను చెట్టు కింద చదువుకునేదాన్ని. ఫీజుల సంగతి స్కాలర్‌షిప్ చూసుకునేది, దాని గొడవ ఇక్కడ వద్దు. ఇంటర్ అయ్యాక లా చదువుతానని పట్టుబట్టి మేడం దగ్గర చేరాను. లాయరైతే అందరూ నోరు మూసుకుని నా మాట వింటారని అప్పట్లో నా ఆశ.

చేరిన కొత్తలోనే మేడం బోర్డు మీద ఒక పేరా రాశారు. నాకిప్పటికీ పొల్లుపోకుండా గుర్తుంది. 'కాయ ముదరక ముందే కోత మొదలుపెట్టాలని కొందరు రైతులంటారు. అది పొరపాటు. ముందు కోసిన కాయకి రంగు వస్తుంది గాని రుచి రాదు. రుచి లేని కాయ ఒకసారి కొన్నవాడు మళ్లీ ఆ తోట కాయ ముట్టుకోడు. కాబట్టి తొందరపడి కోసే తోటలు కొనేవాళ్లని పోగొట్టుకుంటాయి.' కింద ప్రశ్న: ఇది రాసినాయన ప్రధానంగా తేల్చి చెబుతున్నది ఏది? దాని కింద జవాబులు, ఒకటి ఎంచుకోవాలి. టౌను పిల్లలు తలోటీ పెట్టారు. తోటల పక్క ఊళ్ల నుంచి వచ్చిన వాళ్లం మాత్రం ఒక్కరూ తప్పకుండా ఆఖరి వాక్యానికే టిక్కు పెట్టాం. మేడం మా కాగితాలు చేతిలో పట్టుకుని అటూ ఇటూ నడిచారు. ఒకళ్లది చూసి ఒకళ్లు కొట్టారేమో అని అనుమానం కూడా పడ్డట్టున్నారు.

"ఏమ్మా శిరీషా, నువ్వెందుకు దానికి పెట్టావు?"

"ఆఖర్న ఉంది కదండీ."

"ఆఖర్న ఉంటే?"

"ఆఖరి మాటే కదండీ అసలు మాట? మా తోటలో అంతే."

"అంతేనంటే కుదరదు. ఎట్లానో చూపించు."

నేను లేచాను. చున్నీ తుండులా భుజాన వేసుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, మా తోట కొనే బేరగాడిలా గదంతా నడిచాను. పూత పల్చగా ఉందన్నాను. తేనెమంచు పురుగు కనబడుతోందన్నాను. దారి బాలేదు, లారీ లోపలికి రాదన్నాను. కిందటేడు దెబ్బతిన్నానన్నాను. ఒక్కో చెట్టు కింద ఆగి నిట్టూర్చాను. తోటగలాయన ఈ మాటలు దేనికీ బదులు చెప్పడు, పుల్ల నములుతూ వెంట నడుస్తాడు. చివరికి బేరగాడు బండెక్కి, కిక్కు కొట్టి, అప్పుడొక మాట అంటాడు. బేరం ఆ మాట దగ్గరే మొదలు. అంతకు ముందన్నవన్నీ గాలికి పోయేవే. తోటల్లో పెరిగిన పిల్లలకి ఈ విద్య ఎవరూ నేర్పక్కర్లేదు. నడుస్తున్నంతసేపూ తల ఊపాలి, చెవులు మాత్రం బండి దగ్గర పెట్టుకోవాలి.

క్లాసంతా పడీపడీ నవ్వారు. మేడం కూడా కళ్లనీళ్లు తుడుచుకునేంత నవ్వారు. అంతలోనే నవ్వు ఆపి, "అంటే మీరు చదవట్లేదు. బేరం వింటున్నారు" అన్నారు. తలుపు దాకా వెళ్లి తిరిగొచ్చి నన్నడిగారు.

"కాపు బరువుకి కొమ్మ కిందికి వంగితే మీ నాన్న ఏం చేస్తారు?"

"ఊతకర్ర పెడతారండీ."

బోర్డు మీద ఒక కొమ్మ గీసి, దాని కింద కర్రలు గీశారు. "ఇందులో ఒక మాట కొమ్మ. మిగతావన్నీ దాన్ని మోసే కర్రలు. ఆ కొమ్మ మొదట్లో ఉండొచ్చు, మధ్యలో ఉండొచ్చు, ఆఖర్న కూడా ఉండొచ్చు. చోటు చూసి పట్టుకోవడం కాదు, ఏది దేన్ని మోస్తోందో చూడాలి. కొనేవాళ్లు పోతారు, అందుకని తొందరపడి కోయడం పొరపాటు. నప్పిందా?"

"నప్పిందండీ."

"ఇప్పుడు తిరగెయ్. తొందరపడి కోయడం పొరపాటు, అందుకని కొనేవాళ్లు పోతారు. మనం పొరపాటు అన్నామని పోతారా, కాయ రుచి లేదని పోతారా?"

"రుచి లేదనేనండీ. కానీ మేడం, అక్కడ 'కాబట్టి' అని ఉంది కదా!"

"ఉంటే? నేల మెత్తగా ఉంటే కర్ర కింద రాయి పెట్టరూ? రాయి కర్రని మోస్తుంది, కర్ర కొమ్మని మోస్తుంది. రాయి మీద నిలబడినంత మాత్రాన కర్ర కొమ్మయిపోదు." అని, 'అది పొరపాటు' అన్న రెండు మాటల కింద సుద్దముక్క విరిగేంత గట్టిగా గీత గీశారు.

ఆ రోజు నుంచీ నాకు అసలు కష్టాలు మొదలయ్యాయి. పేరా సగం చదవగానే జవాబు దగ్గరికి దూకడం నా పద్ధతి. ఆవిడ నడుస్తూ నడుస్తూ నా వెనక ఆగి, సుద్దపొడి అంటిన అరచెయ్యి తెచ్చి జవాబుల మీద పెట్టేసేవారు. "ఆయన మన చేత ఏం ఒప్పించాలనుకుంటున్నాడో నీ మాటల్లో చెప్పు, అప్పుడు చెయ్యి తీస్తాను" అనేవారు. నాకు ఒళ్లు మండిపోయేది. పక్కవాళ్లు నాలుగు లెక్కలు చేసేసరికి నేను ఆవిడ వేళ్ల సందుల్లోంచి చూడ్డానికి తంటాలు పడుతుండేదాన్ని. ఒకసారి ఉక్రోషం ఆపుకోలేక, "మీరొక్క నిమిషం కూర్చోలేరు గాని నన్ను ఆగమంటారేంటండీ" అనేశాను. ఆవిడకి కోపం రాలేదు. "అందుకే అంటున్నాను. నాకున్న రోగమే నీకూ ఉంది. నీకు తెలివి తక్కువై కాదు, తాళలేకపోవడం వల్ల తప్పులు పోతున్నాయి" అన్నారు. మెల్లమెల్లగా ఆ పిచ్చి నాకు అంటుకుంది. బస్సులో కండక్టరు కేకలేస్తుంటే కొమ్మ వెతికేదాన్ని. అమ్మ అంట్లు, కట్టెలు, ఎదురింటి వాళ్ల మేక, నా జడ, అన్నీ కలిపి తిడుతుంటే మధ్యలో అడ్డు తగిలి, "పొయ్యి దగ్గరికి రమ్మనేగా?" అనేదాన్ని. "అది తెలిసీ కూర్చున్నావుటే!" అని ఇంకో నాలుగు తగిలించేది.

పరీక్ష బాగా రాశాను. సీటు వచ్చింది. వచ్చింది ఎక్కడో విశాఖ వైపు కాలేజీలో. వారంలోగా చేరాలి. చేరకపోతే సీటు ఇంకొకళ్లకి పోతుంది. సరిగ్గా కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజులవి. సంగతి చెప్పగానే నాన్న ముఖం ముడుచుకున్నాడు. నీళ్లన్నాడు, దూరమన్నాడు, ఒంట్లో బాగోకపోతే ఎవరు చూస్తారన్నాడు. నేను లాయరు కావాల్సినదాన్ని కదా, ప్రతిదానికీ జవాబు సిద్ధం. నీళ్లు కాచుకుంటానన్నాను. ఫోను ఉందన్నాను. రైలెక్కితే తెల్లారేసరికి ఇంటికొస్తానన్నాను. నేను ఒక్కో మాట కొట్టేస్తున్నకొద్దీ ఆయన ఇంకా బిగుసుకుపోయాడు. చివరికి మాట్లాడ్డమే మానేసి చెట్ల మధ్యకి వెళ్లిపోయాడు. ఏడుస్తూ మేడంకి ఫోన్ చేశాను. మర్నాడు పొద్దున్నే ఆవిడ తోటకి వచ్చేశారు.

నాన్న అప్పుడు కాయలు కోసే చిక్కానికి వల బిగిస్తున్నాడు. ఆవిణ్ణి చూసి గాభరాగా లేచాడు. "రండి మేడం గారూ, రండి. ముందు నేనెళ్లి ఆ చోటు చూసి రావాలండీ. ఏమే, ఆ మంచం ఇట్టా వెయ్యి, మేడం గారికి మజ్జిగ తీసుకురా" అని ఒక్క గుక్కలో అనేశాడు. అమ్మ మంచం వాల్చింది. మేడం కూర్చోలేదనుకోండి. నేను చెంబు కోసం పాకలోకి వెళ్లొచ్చాను. ఈ హడావిడంతా అయ్యాక నాన్న తల దించుకుని, వల ముడులు సవరిస్తూ చెప్పుకొచ్చాడు.

"కిందటిసారి ఇంటర్ హాస్టలు బాగుందని ఎవరో అంటే చేర్పించానండీ. పచ్చకామెర్లు తెచ్చుకుంది. అక్కడి నీళ్లు మంచియ్యి కాదు. నేను పోయి చూసుంటే తెలిసేది. ఇదేమో జొరం వచ్చినా చెప్పదు, బాగానే ఉన్నానంటది ఫోన్లో. ఇక నాకు చెట్టు మీద చూపు నిలవదు, దారి మీదే ఉంటది. అంచేత అట్టా తెలీని చోట పడేస్తే అక్కడ దీని చదువూ సాగదు, ఇక్కడ నా కాపలా సాగదండీ."

చదువు సాగదు. ఆ మాట ఒక్కటే వినబడింది నాకు. అక్కడ ఒక్క క్షణం నిలబడలేక తోట చివరికి వెళ్లిపోయి, ఎండుటాకుల్ని కాలితో తన్నుకుంటూ తిరిగాను. కాసేపటికి మేడం వచ్చారు. ఓదారుస్తారనుకున్నాను. ఓదార్పు ఆవిడ చేతనయ్యే పని కాదు.

"ఏం విన్నావు?"

"చదువు సాగదన్నారు."

"అది ఎక్కడన్నారు?"

"ఆఖర్న" అన్నాను. అని నాలుక్కరుచుకున్నాను.

"దాని మీద చెయ్యి అడ్డం పెట్టు. నేనొచ్చినప్పటి నుంచి ఆయన ఏమేం అన్నారో వరసగా చెప్పు."

"రండి అన్నారు. మంచం వెయ్యమన్నారు. మజ్జిగ తెమ్మన్నారు."

"రండికీ మంచానికీ మధ్యలో?"

మధ్యలో ఒక మాట ఉంది. నేను విన్నాను. మంచం హడావిడిలో దాన్ని మర్యాద మాట కింద జమకట్టేశాను. "ముందు నేనెళ్లి ఆ చోటు చూసి రావాలి అన్నారండీ."

"ఆ. ఇప్పుడు చూడు, మిగతా మాటలు దేనికి ఊతం?"

చూశాను. కామెర్లు, నీళ్లు, నేను జ్వరం దాచడం, ఆయన చూపు దారి మీద ఉండడం, సాగని చదువు, సాగని కాపలా. అన్నీ వెళ్లి ఆ ఒక్క మాట కిందే నిలబడ్డాయి. చూసి వస్తేగాని పంపలేడు. అంతే ఆయన అంటున్నది. "మీ నాన్న వద్దనలేదు. నువ్వే ఇన్నాళ్లూ ఆయన కర్రలు పీకుతూ కూర్చున్నావు. పీకేకొద్దీ మనిషి బిగుసుకోక ఏం చేస్తాడు?" అన్నారు మేడం. నాకు సంతోషం, సిగ్గు, కోపం అన్నీ ఒక్కసారే వచ్చాయి. కోపం ఎవరి మీదో తెలియలేదు.

పాక దగ్గరికి తిరిగొచ్చి మేడం సూటిగా అడిగారు. "సాంబయ్య గారూ, మీరు వెళ్లి చూసొస్తే పంపడానికి ఇబ్బంది లేదుగా?"

"చూసొస్తే ఇంకేముందండీ? కానీ ఎట్టా కదిలేది?"

"కోతలప్పుడు ఈయన పక్కకి పోతే కోతులు కాయ మిగలనిస్తయ్యా?" అంది అమ్మ. "రెండు కొసలా మనుషులుండాలి. ఒక కొసన నేనూ ఇదీ ఉంటాం. రెండో కొసన ఎవరు?"

"నేనుంటాను" అన్నారు మేడం.

నాన్నకి నవ్వాగలేదు. "మీరా మేడం గారూ! డబ్బా కొడుతూ తోటంతా తిరగాలండీ."

"తిరగడమేగా? నేనెటూ కూర్చోను."

బేరగాడు గొణుక్కున్నాడు గాని, ఏళ్ల తరబడి నమ్మకంగా చేసిన మనిషి అడిగితే కాదనలేకపోయాడు. ఆ సాయంత్రమే నాన్న ఏలూరు వెళ్లి రైలెక్కాడు. మర్నాటి నుంచి భ్రమరాంబ మేడం మా తోటకి కాపలా. మొదటి రోజు మొదటి బస్సుకి వచ్చి ఆఖరి బస్సుకి వెళ్లారు. కొంగు బొడ్లో దోపుకుని, ఒక చేతిలో నూనె డబ్బా, ఒక చేతిలో కర్ర. పడమటి గట్టున ఆవిడ నడక మొదలైతే ఇక ఆగేది కాదు. కోతి కనబడిందంటే డబ్బా వాయించుకుంటూ దాని వెంట పరిగెత్తేవారు, అది కొమ్మ మీద కూర్చుని ఈవిణ్ణి వింతగా చూసేది. చీర అంచంతా సొన మరకలు. చెంప మీద సొన పడి బొబ్బ లేచినా పట్టించుకోలేదు. "మీ మేడం గారికి ఈ పనే బాగుందే" అని అమ్మ ముచ్చటపడింది. నిజమే, మేడగదిలో సగం సగం తిరిగే ఆ కాళ్లకి మా తోటలో సరిపడా చోటు దొరికింది.

మధ్యాహ్నం ఎండకి కోతులు కూడా సద్దుమణిగాయి. అన్నం తిని చెట్టు కింద చేరగిలబడ్డాం, అంటే నేను చేరగిలబడ్డాను, ఆవిడ చెట్టు చుట్టూ తిరుగుతున్నారు. అప్పుడు తనంతట తనే చెప్పారు. ఆవిడకీ ఒకప్పుడు బెజవాడలో లా సీటు వచ్చిందట.

"మా నాన్నగారు ఇంట్లో మాట్లాడేవారే కాదు. ఆ ఒక్క రోజు మాత్రం వరసపెట్టి మాట్లాడారు. బెజవాడ ఎండలు నీకు పడవన్నారు. లాయరు పని అరుపుల పని, నీ గొంతు సన్నమన్నారు. మీ అమ్మకి చేతి కింద మనిషి లేదన్నారు. సాయంత్రం కాలేజీ వదిలేసరికి బస్సులుండవన్నారు. ఆడ లాయరు దగ్గరికి కేసులెవరు తెస్తారన్నారు. అన్నిటికీ జవాబు చెప్పాను. ఒక్కటి వదల్లేదు. ఆయన అంతా విని, 'బాగా మాట్లాడావమ్మా' అని కండువా దులుపుకుని లేచి వెళ్లిపోయారు."

"తర్వాత?"

"తర్వాతేముంది? మళ్లీ ఆ ఊసెత్తలేదు. గడువు దాటిపోయింది. వాదన నేను గెలిచాను, సీటు పోయింది."

"అసలు ఆయన మనసులో ఏముందో అడగలేదా మేడం?"

"అడగాలని తెలిస్తే కదా! ఆయన మాటలన్నీ పడగొట్టానని గర్వంగా కూర్చున్నాను. అవి దేన్ని మోస్తున్నాయో చూడాలని తెలిసేసరికి ఆయన లేరు." ఒక చుట్టు తిరిగి వచ్చి మళ్లీ అన్నారు. "చెప్పి ఉంటారు శిరీషా. ఎక్కడో ఒకచోట చెప్పే ఉంటారు. మంచం వాలుస్తూనో, చెప్పులు వేసుకుంటూనో. నేనే వినలేదు." నేనేదో అనేలోపు పడమటి గట్టున కొమ్మ ఊగింది. ఆవిడ డబ్బా అందుకుని పరుగెత్తారు.

నాన్న మర్నాటికి రావాలి. రాలేదు. ఫోన్ చేస్తే స్విచాఫ్. పొద్దుగూకేదాకా చూశాం. నా ప్రాణం నిలవలేదు. ఏదైనా జరిగిందేమోనని ఒక భయం. చూసి నచ్చక, ఆ మాట ఎలా చెప్పాలో తెలియక ఎక్కడో తచ్చాడుతున్నాడేమోనని ఇంకో భయం. గడువు ఇంకెంతో లేదు. అమ్మ దేవుళ్లకి మొక్కుకుంటోంది. మేడం ఆ రోజు ఇంటికి వెళ్లకుండా మా పాకలోనే ఉండిపోయారు. ఆ మర్నాడు ఎండ నడినెత్తికి వచ్చాక, తుండు తలకి చుట్టుకుని, నలిగిన చొక్కాతో నాన్న గేటు దగ్గర కనబడ్డాడు. కాళ్లు కడుక్కున్నాడు. నీళ్లు తాగాడు. మంచం మీద కూర్చుని నింపాదిగా మొదలుపెట్టాడు.

రైల్లో సీటు దొరకలేదట. కాలేజీ మెట్లు ఎత్తుగా ఉన్నాయట. హాస్టల్ తలుపులకి దోమల జాలీ ఉందట. లైబ్రరీలో మాట్లాడితే కసురుతారట. నేను కాలి బొటనవేలితో నేల తవ్వుతున్నాను. "ఇంతకీ ఏంటయ్యా?" అంది అమ్మ. మేడం చెయ్యెత్తి ఆపారు. నాన్న తన దారిన తను చెప్పుకుపోయాడు.

"అన్నం మెతుకు కాస్త గట్టి, పర్లేదు. నీళ్లు తాగాను. నీళ్ల సంగతి వెంటనే తెలవదు గదండీ. అందుకని ఆ రాత్రి స్టేషన్లో పడుకుని, పొద్దున మళ్లీ వెళ్లి, ఆ నీళ్లే కడుపునిండా తాగి, ఒళ్లు కాగుతుందేమోనని ఆ పూటంతా చూసుకున్నా. ఏం కాలేదు. వచ్చేటప్పుడు తునిలో ఒకాయన ఎక్కాడు, ఒకటే గొడవ, కిటికీ మూయనివ్వడు. ఎండలు మాత్రం అక్కడా ఇక్కడ మాదిరేనండీ."

అని తుండుతో ముఖం తుడుచుకున్నాడు. చెప్పడం అయిపోయింది. మేడం నా వైపు తిరిగారు. "ఏది శిరీషా?"

నా కోసం ఊరుగాని ఊళ్లో ఒక మనిషి కుళాయి నీళ్లు తాగి, జ్వరం వస్తుందేమోనని తన ఒళ్లు తనే తడిమి చూసుకుంటూ కూర్చున్నాడు. "పంపుతున్నారండీ" అన్నాను ఏడుస్తూ.

"నేనింతసేపూ ఏం చెప్తున్నానే మరి!" అని విసుక్కున్నాడు నాన్న.

చేరాను, చదివాను, నూజివీడు కోర్టుకే తిరిగొచ్చాను. ఆవిడ నేర్పింది ఇప్పుడు నాకు అన్నం పెడుతోంది. నల్లకోటు వేసుకుని మొదటిసారి విస్సన్నపేట వెళ్లినప్పుడు కోటు బొత్తాం ఒకటి లాగి చూసి, "ఊడేలా ఉంది, కుట్టించుకో" అన్నారు, అంతే. తర్వాత కూడా వీలున్నప్పుడల్లా వెళ్లేదాన్ని. పెరట్లో ఆవిడ నడుస్తుంటే పక్కన నడిచేదాన్ని. పాత విద్యార్థులకి గురువులు ఏవేవో ఇచ్చి పోతారు. ఆవిడ నాకు తెగని లెక్క ఒకటి ఇచ్చిపోయారు. బెజవాడ ఎండలు పడవు. గొంతు సన్నం. అమ్మకి చేతి కింద మనిషి లేదు. సాయంత్రం బస్సులుండవు. ఆడ లాయరు దగ్గరికి కేసులు రావు. నేనెప్పుడూ చూడని ఆవిడ నాన్నగారి మాటలు నాకు కంఠతా వచ్చు. కోర్టు వరండాలో పిలుపు కోసం తిరుగుతున్నప్పుడు వాటినే తిప్పి తిప్పి చూసుకుంటాను. నువ్వు లేకపోతే నాకు ఇల్లు ఇల్లులా ఉండదమ్మా అనడమా? అలా అనుకుంటే బస్సుల మాట నిలబడుతుంది, కేసుల మాట నిలబడదు. నువ్వు ఓడిపోయి వస్తే నేను చూడలేను అనడమా? అప్పుడు కేసులూ గొంతూ నిలబడతాయి, అమ్మ మాట పడిపోతుంది. ఆఖరిసారి కలిసినప్పుడు ఈ రెండూ ఆవిడకి చెప్పాను. నడుస్తున్న మనిషి ఆగి, "రెండోది కొంచెం దగ్గరగా ఉంది. ఇంకా వెతుకు" అన్నారు. ఇప్పుడు ఆవిడా లేరు. దొరికినా వెళ్లి చెప్పడానికి ఎవరూ లేరు. అయినా నాకు కాలు నిలవదు, వెతుకుతూనే ఉన్నాను.